గుర్తు తెలియని వేలు

పిస్టల్ కొనడం అరగంటలో అయిపోయింది. దాన్ని దాచే పెట్టె ఎంచుకోవడానికే రెండు గంటలు పట్టింది.

షాంటిలీలో మేం ఎప్పుడూ సరుకులు తెచ్చుకునే ఇండియన్ స్టోర్‌కి నాలుగు షాపుల అవతల ఆ తుపాకుల కొట్టు ఉంది. ఎనిమిదేళ్ళుగా దాని ముందు నుంచే నడుస్తున్నాను కానీ లోపలికి తొంగి చూసింది లేదు. గ్రీన్ కార్డ్ వచ్చాక, అదీ అక్టోబర్‌లో జరిగినదాని తర్వాత, మొదటిసారి లోపలికెళ్ళాను. కార్లో కొత్తిమీర, దోసకాయలు, బియ్యం మూట అలాగే ఉన్నాయి.

అక్టోబర్‌లో ఏం జరిగిందో చెప్పాలి. నా భార్య దేదీప్య నర్సు. వారంలో మూడు రాత్రులు డ్యూటీ, పగలు నిద్ర. ఒక మధ్యాహ్నం తను పడుకుని ఉండగా కింద వెనక తలుపు దగ్గర ఏదో గీకుతున్న చప్పుడైంది. దిగి చూస్తే, అద్దాల తలుపు సందులో ఇనప పట్టీ పెట్టి ఎవడో పెకలిస్తున్నాడు. దేదీప్య కేక పెట్టింది. వాడు పరిగెత్తలేదు. ముసుగులోంచి తన వంక ఒకసారి చూసి, తాపీగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడట. అప్పటికి మా వీధిలో రెండు ఇళ్ళలో బంగారం పోయింది. పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, వెళ్ళారు. ఆ రోజు నుంచి దేదీప్యకి పగటి నిద్ర పోయింది.

తుపాకీ మాట ఎత్తింది నేనే.

"మనింట్లో ఏడేళ్ళ పిల్ల ఉంది రఘూ," అంది దేదీప్య. "వర్ష చెయ్యి దాని మీద పడకూడదు. ఏ పొరపాటునా పడకూడదు. అలాంటి పెట్టె దొరికితేనే అది ఇంట్లోకి రావాలి."

కొట్టులో ఉన్నాయన పెద్దాయన. నెరిసిన గడ్డం, చెవిలో వినికిడి మిషన్. కౌంటర్ మీద మూడు పెట్టెలు వరసగా పెట్టాడు. మూడూ నల్లవే. లావుపాటి పుస్తకమంత ఉన్నాయి.

"మంచం పక్క పెట్టె చెయ్యాల్సినవి రెండే," అన్నాడు. "చీకట్లో, నిద్రమత్తులో, చేతులు వణుకుతున్నా మీకు మూడు సెకన్లలో తెరుచుకోవాలి. మిగతా ప్రపంచానికి మూడేళ్ళయినా తెరుచుకోకూడదు."

మొదటిదానికి బ్యాటరీ లేదు. అయిదు ఇనప మీటలుంటాయి. వాటిని ఒక వరసలో నొక్కాలి. రెండోదానికి అంకెల మీటలు. మూడోది వేలిముద్రతో తెరుచుకుంటుంది. ఫోన్‌లో దానికో యాప్ కూడా ఉంది. ఎప్పుడు తెరిచారు, ఎవరి వేలితో తెరిచారు, అన్నీ అందులో రాస్తుంది.

"నేనైతే మొదటిది తీసుకుంటాను," అన్నాడాయన. "ఇనుముకి ఒకటే పని తెలుసు. అబద్ధం ఆడదు."

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఇనప మీటలంటే నాకు నవ్వొచ్చింది. నంబరు మర్చిపోవచ్చు, వర్ష చాటుగా చూసి నేర్చుకోవచ్చు. వేలు అలా కాదు. నా వేలు నా దగ్గరే ఉంటుంది, దాన్నెవరు ఎత్తుకుపోతారు? మూడోదే తీసుకున్నాను.

ఆ సాయంత్రమే దాన్ని నా వైపు మంచం పక్క బల్లకి స్క్రూలతో బిగించాను. నా కుడి చూపుడు వేలు ఒక్కటే నమోదు చేశాను. దేదీప్య తనది వద్దంది. కొట్టులో పెద్దాయనతో అన్నట్టే, తూటాలు పిడిలో దూర్చే మ్యాగజైన్‌లో ఉంటాయి, గొట్టంలో మాత్రం ఉండవు. కాల్చాలంటే పైభాగం వెనక్కి లాగి వదలాలి. అది కూడా ఒక జాగ్రత్తే అని దేదీప్యకి చూపించాను.

పెట్టె మీద వేలు ఆనించే చోట నాణెమంత గుండ్రటి అద్దం ఉంది. వేలు తగిలితే దాని కింద నీలం దీపం వెలుగుతుంది. సరైన వేలైతే రెండు చిన్న కూతలు కూసి, మూత టక్కున లేస్తుంది. కాకపోతే ఈగ సీసాలో ఇరుక్కున్నట్టు పొడుగ్గా ఒక రొద చేస్తుంది. రోజూ పడుకునే ముందు తుపాకీ ఖాళీ చేసి, లైటార్పి, కళ్ళు మూసుకుని సాధన చేసేవాణ్ణి. వారంలో రెండున్నర సెకన్లకి వచ్చాను.

డిసెంబర్‌లో ఒక రాత్రి ఆ రొదకి మెలకువ వచ్చింది.

దేదీప్య డ్యూటీలో ఉంది. గదిలో హీటర్ గాలి తప్ప ఇంకేం వినపడటం లేదు. కలేమో అనుకున్నాను. పొద్దున ఎందుకో అనుమానమొచ్చి యాప్ తెరిచాను. రెండూ నలభైకి ఒక నమోదు ఉంది: 'గుర్తు తెలియని వేలు 1. తెరవలేదు.'

దాని కింద ఇంకా ఉన్నాయి. ముందు రాత్రి రెండు. అంతకు ముందు రాత్రి ఒకటి.

వర్ష మీదకే నా అనుమానం పోయింది. స్కూల్ నుంచి రాగానే మంచం మీద కూర్చోబెట్టి అడిగాను.

"నో, నాన్నా. నేను అసలు టచ్ చెయ్యలేదు. ప్రామిస్!" కళ్ళలో నీళ్ళు తిరిగాయి దానికి.

తుపాకీ తీసి పక్కన పెట్టి, దాని వేలు పట్టుకుని అద్దం మీద ఆనించాను. రొద చేసింది. యాప్‌లో చూశాను. 'గుర్తు తెలియని వేలు 2.'

ఆ పెట్టె తనకి తెలియని వేళ్ళని కూడా దేనికది వేరుగా గుర్తు పెట్టుకుంటుంది. వర్షది రెండో వేలు. సరదాకి అన్నట్టుగా దేదీప్య చేత కూడా ఆనింపించాను. యాప్ మూడో వేలు అని చూపించింది.

మరి ఒకటోది ఎవరిది?

కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఓపిగ్గా వింది. "దుమ్ము పడితే ఒకోసారి అలా జరుగుతుంది. రీసెట్ చెయ్యండి," అంది. చేశాను. లోపలున్నదంతా తుడిచేసి నా వేలు కొత్తగా నమోదు చేశాను. ఆ రాత్రి రెండూ ముప్ఫై తొమ్మిదికి మళ్ళీ వచ్చింది. ఒకటో వేలు. నాలుగుసార్లు.

ఈ సంగతి దేదీప్యకి చెప్పలేదు. చెబితే తుపాకీ తీసెయ్యమంటుంది. తీసేస్తే, తను మళ్ళీ పగలంతా కర్టెన్ సందులోంచి వెనక తలుపు వంక చూస్తూ కూర్చుంటుంది. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి తుపాకీ పక్కనుంటే నాకు బాగుండేది. అదీ అసలు సంగతి.

మర్నాడు రాత్రి దేదీప్య డ్యూటీకి వెళ్ళాక, పడుకోకుండా పెట్టె వంకే చూస్తూ కూర్చున్నాను. రెండున్నర దాటింది. కళ్ళు మండుతున్నాయి. హీటర్ ఆగింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

అప్పుడు నీలం దీపం వెలిగింది.

పెట్టె దగ్గర ఎవరూ లేరు. నా మొహానికి మూరెడు దూరంలో ఉంది అది. గుండ్రటి అద్దం నీలంగా వెలుగుతోంది... ఆ వెలుగు మధ్యలో మెల్లగా మసకబారింది. వేలు ఆనించినప్పుడు మసకబారుతుంది చూడండి... అలాగే.

రొద.

వెలుగు ఆరింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ మసక. మళ్ళీ రొద. ఈసారి ఆ మసక కొంచెం పక్కకి జరిగి ఉంది. సరిగ్గా ఎలా ఆనించాలో నేర్చుకుంటున్నట్టు.

లైటు వేశాను. ఏమీ లేదు. గదిలో తుపాకీ నూనె వాసన మాత్రం వస్తోంది. మూత బిగించి ఉన్న పెట్టెలోంచి అంత వాసన ఎప్పుడూ రాలేదు.

శనివారం దాన్ని తిరిగి ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాను. అప్పటిదాకా తుపాకీ ఆ పెట్టెలోనే ఉండాలి. పిల్ల ఉన్న ఇంట్లో ఇంకెక్కడ పెట్టను?

గురువారం మధ్యాహ్నం మంచు మొదలైంది. స్కూళ్ళు మూసేశారు. దేదీప్య ఆసుపత్రికి మంచు ముదరకముందే వెళ్ళిపోయింది. వర్షకి జ్వరం, నూటొకటి. రెండు ముద్దలు చారన్నం తినిపించి, మందు వేసి, నా పక్కనే పడుకోబెట్టుకున్నాను. దాని తల నా కుడి చేతి మీద ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. పొడి దగ్గు. పన్నెండు దాటాక ఇద్దరికీ నిద్ర పట్టింది.

నన్ను లేపింది రొద కాదు.

రెండు చిన్న కూతలు.

టక్.

కళ్ళు తెరిచాను. పెట్టె మూత లేచి ఉంది. నీలం వెలుగులో లోపల పిస్టల్ నల్లగా కనిపిస్తోంది. పిడి నా వైపుకి తిరిగి ఉంది... ఎవరో అందిస్తున్నట్టు.

నా కుడి చెయ్యి వర్ష తల కిందే ఉంది. తిమ్మిరెక్కి, వేళ్ళు కూడా తెలియడం లేదు.

అప్పుడే కింద చప్పుడైంది.

వెనక తలుపు. అద్దాల తలుపు పట్టాల మీద జరుగుతోంది. మెల్లగా... చాలా మెల్లగా. మెట్ల మీదుగా చల్లటి గాలి పైకొచ్చి నా కాళ్ళకి తగిలింది. ఆ తలుపు గడియ నేనే వేశాను. పడుకునే ముందు రెండుసార్లు చూశాను.

చెయ్యి లాక్కుని పిస్టల్ తీసుకున్నాను. ఇనుము చల్లగా ఉండాలి. అది వెచ్చగా ఉంది. అప్పటిదాకా ఎవరో పట్టుకుని ఉన్నట్టు.

గది గుమ్మంలో నిలబడ్డాను. కింద లైటు వెలగలేదు. తడి బూట్లు... ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు. మెట్లు ఎక్కుతోంది. మంచు వాసన. నాలుగో మెట్టు కిర్రుమంది.

"ఎవరు?" అన్నాను. కేక పెడదామనుకున్నాను. గుసగుసే వచ్చింది.

అడుగు ఆగింది.

"ఎవరూ?"

ఊపిరి వినిపిస్తోంది. ఉగ్గబట్టుకున్న ఊపిరి. మెట్ల మలుపులో నల్లటి ఆకారం, తల మీద ముసుగు. అద్దాల తలుపు దగ్గర దేదీప్య చూసినవాడు వీడే. తిరిగొచ్చాడు. నా వెనక మంచం మీద నా కూతురుంది.

పిస్టల్ ఎత్తాను. వర్ష దగ్గింది.

ఆ దగ్గు వినగానే ఆకారం కదిలింది. గబగబా, రెండేసి మెట్లు...

నా వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్ళింది. అప్పుడు... నా వేలి మీద ఇంకో వేలు ఆనింది. చల్లగా. సన్నగా. నా వేలు ఎటు పోవాలో చూపిస్తున్నట్టు... నొక్కింది. ట్రిగ్గర్ సగం దాకా వెళ్ళింది.

"అమ్మా..." వెనక నుంచి వర్ష, నిద్రలో. "వాటర్..."

"వస్తున్నా తల్లీ," అంది ఆ ఆకారం.

దేదీప్య గొంతు.

వేలు వెనక్కి తీసుకోవడానికి నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాల్సి వచ్చింది. నిజం. పై నుంచి నొక్కుతూనే ఉంది అది. ఒళ్ళంతా విదిలించుకుని గోడకి కొట్టుకున్నాను. పిస్టల్ కార్పెట్ మీద పడింది. తడుముకుని లైటు వేశాను.

దేదీప్య నాలుగు మెట్ల కింద నిలబడి ఉంది. జాకెట్ హుడ్ మీద మంచు, కింద డ్యూటీ బట్టలు. పొద్దున ఏడున్నరకి రావాల్సిన మనిషి. తను పిస్టల్ వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. భయం కాదది. ఏదో అర్థమైన చూపు.

"దీపూ, నువ్వా... నేను..." అన్నాను.

తను గోడ పక్కగా నన్ను దాటుకుని వెళ్ళింది. వర్షని దుప్పటితో సహా ఎత్తుకుంది. బాత్రూమ్‌లోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. తెల్లారేదాకా ఆ తలుపు బయట కూర్చుని ఏడ్చాను, బతిమాలాను. లోపల్నుంచి వర్ష దగ్గు తప్ప ఇంకేం వినపడలేదు. వీధిలో మంచు తీసే బండి వెళ్ళిన చప్పుడు కాగానే తలుపు తీసుకుని, పిల్లతో కారెక్కి వెళ్ళిపోయింది. పక్క ఊరు హెర్న్‌డన్‌లో ఉండే, తనతో పాటు పనిచేసే రష్మి ఇంటికి వెళ్ళిందని సాయంత్రం తెలిసింది.

ఖాళీ ఇంట్లో యాప్ తెరిచాను. రెండూ ముప్ఫై ఎనిమిది. 'రఘువీర్. కుడి చూపుడు వేలు. తెరుచుకుంది.'

ఒకటో వేలు ఆ రాత్రి రానే లేదు. ఇక దానికి ఆ అవసరం లేదు మరి.

శనివారం పెట్టెనీ పిస్టల్‌నీ కొట్టుకి తీసుకెళ్ళాను. ఎంతిస్తే అంత, తీసేసుకోమన్నాను. పెద్దాయన మ్యాగజైన్ తీసి, అలవాటుగా పైభాగం వెనక్కి లాగాడు. గొట్టంలోంచి తూటా ఎగిరి కౌంటర్ మీద పడి దొర్లింది.

"గొట్టం ఖాళీగా ఉంచుతానన్నారు కదా?" అన్నాడు.

నేను ఆ రాత్రి పైభాగం లాగలేదు. అంత టైమే లేదు. ఆయన తూటా వంక, నా మొహం వంక చూసి, తూటా తీసి సొరుగులో వేశాడు.

మూడు రోజులు దేదీప్య నా ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు రష్మి ఫోన్ చేసింది. "రమ్మంటోంది. నేనూ ఇంట్లోనే ఉంటాను," అంది. ఆ రెండో మాట ఎందుకన్నదో నాకు అప్పుడు తెలియలేదు.

మధ్యాహ్నం, మంచి ఎండ. చూరు మీద మంచు కరిగి బొట్లు బొట్లుగా కారుతోంది. దేదీప్య గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు. వెనక హాల్లో రష్మి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వర్ష టీవీ చూస్తోంది, జ్వరం తగ్గింది.

"ఒకటే అడుగుతాను," అంది దేదీప్య. గొంతు తాపీగా ఉంది. "నన్ను చంపుదామనే పిలిచావా?"

"పిలవడమేంటి?"

"నటించకు రఘూ."

"నేను నిన్ను పిలవలేదు దీపూ. ఒట్టు. నువ్వు ఎందుకొచ్చావో కూడా నాకు తెలీదు."

తను ఫోన్ తీసింది. గురువారం రాత్రి ఒంటిగంటా యాభైకి నా నంబర్ నుంచి కాల్. పేషెంట్ గదిలో ఉండి తను ఎత్తలేదు. వాయిస్ మెసేజ్ ఉంది. నా ఫోన్ తీసి చూశాను. అందులో ఆ రాత్రి ఒక్క కాల్ కూడా లేదు. చూపించాను. తను నమ్మలేదు. తుడిచేశానని అనుకుని ఉంటుంది. మెసేజ్ నొక్కి, ఫోన్ మా ఇద్దరి మధ్య పట్టుకుంది.

గుసగుస. నా గొంతు.

"దీపూ... ఇంట్లోకి ఎవడో వచ్చాడు. పోలీసులకి చేశాను. నువ్వు వెంటనే రా. తిరిగి ఫోన్ చెయ్యకు, మోగుద్ది. గరాజ్ తియ్యకు, చప్పుడవుద్ది. వెనక తలుపు గడియ తీసి పెట్టాను. లైటు వెయ్యకు. మెట్లెక్కేటప్పుడు ఎవరని నేనడిగినా పలకకు... వాడు వింటాడు."

గుమ్మం పట్టుకున్నాను.

"గొంతు నీది కాదా?" అంది.

"నాదే," అన్నాను. ఇంకేమనగలను? తనని దీపూ అని పిలిచేవాడు ఇంకెవరని అడిగితే, చెప్పడానికి నా దగ్గర ఇంకో పేరు లేదు. "ఇంకోసారి పెట్టు. గట్టిగా."

తను సౌండ్ పెంచింది.

మాటల వెనక, కొంచెం దూరంలో, వర్ష దగ్గింది. పొడి దగ్గు. అంటే ఆ మాట్లాడింది మా గదిలోనే. వర్ష దగ్గు ఆగాక, ఇంకో చప్పుడు. సన్నగా మొదలై, పెరిగి, ఆగి, మళ్ళీ మొదలవుతోంది. నాకు అదేంటో అర్థం కాలేదు. పదేళ్ళుగా ఆ చప్పుడు పక్కన పడుకున్న మనిషికి అర్థమైంది. దేదీప్య మొహంలో రంగు మెల్లగా పోయింది.

"రఘూ..." అంది, వినీ వినపడనట్టు. "ఇది నీ గురక."

ఫోన్‌లో నా గొంతు గుసగుసగా మాట్లాడుతూనే ఉంది. దాని వెనక, మంచం మీద, నేను నిద్రపోతూనే ఉన్నాను.